సులోచన ఇయర్‌బడ్స్, జయరాజు ట్రైనింగు

పెళ్లయిన పదకొండేళ్లలో జయరాజు తన భార్య సులోచనకు ఇచ్చిన కానుకలు రెండే. ఒకటి, కుక్కరుకు కొత్త రబ్బరు. రెండోది, ఆ రబ్బరు సరిపోకపోతే మార్చి తెచ్చిన ఇంకో రబ్బరు. అలాంటి మనిషి ఎవరిదో పెళ్లికని మిర్యాలగూడ పోయి, వచ్చేటప్పుడు తీగల్లేని ఇయర్‌బడ్స్ డబ్బా తెచ్చి, "నీకే" అని చేతిలో పెట్టాడు. సులోచన సంతోషపడలేదు. జ్వరమేమోనని నుదురు ముట్టి చూసింది.

జ్వరం కాదు, అవసరం. జయరాజు పెన్‌పహాడ్ హైస్కూల్లో సోషల్ టీచరు. కాపురం సూర్యాపేటలో, కిరాయి ఇంట్లో. వేసవి సెలవుల్లో ఆయన ల్యాప్‌టాప్‌లో ఒక కొరియా రాజుల సీరియల్‌కు దొరికిపోయాడు. తెలుగులో మాట్లాడే కొరియా రాజులు, అరవై నాలుగు భాగాలు. ఏఎన్ఎం డ్యూటీకి సులోచన బయటికి పోయిన పూటల్లో చూసి చూసి యాభయ్యో భాగం ముగించాడు. అక్కడ, ఆయనే పేరు పెట్టుకున్న గడ్డం మంత్రి, జబ్బుపడ్డ రాణి చేతిలో మందు గిన్నె పెట్టాడు. ఆ గిన్నెలో ఏముందో తెలియక జయరాజుకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

దాచాల్సిన కర్మ ఏమిటంటే, ఈ పదకొండేళ్లూ సీరియళ్లు చూసేవాళ్లను ఆయన బతకనిచ్చింది లేదు. కోదాడలో అత్తగారు సైదమ్మ టీవీ పెడితే చాలు, పక్కన కుర్చీ వేసుకుని, సీరియళ్ల వల్ల మెదడుకు జరిగే నష్టం మీద పాఠం మొదలుపెట్టేవాడు. బోర్డూ సుద్దముక్కా మాత్రమే తక్కువ. సైదమ్మ అల్లుడి మాట కాదనకుండా, ప్రకటనలు వచ్చినప్పుడల్లా తలాడించేది.

ఇంతలో ఆదివారం వచ్చిపడింది. అది కోదాడలో మామిడికాయ పచ్చడి రోజు. సైదమ్మ ఇంటి ఆచారం ప్రకారం కాయలు కొట్టాల్సింది అల్లుడే. నాలుగిళ్లకు సరిపడా కాయ. ప్రతి ముక్కకూ టెంక పెచ్చు అంటుకునే ఉండాలి. పెచ్చు ఊడిన ముక్క ఎవరి కంచంలో పడితే వాళ్లు ఏడాదంతా అల్లుణ్ణి తలుచుకుంటారు. పోయిన ఏడాది లేచిన బొబ్బలను జయరాజు బడి తెరిచాక కూడా సహోపాధ్యాయులకు చూపించాడు.

అందుకని శనివారం నాడే గంభీరంగా ప్రకటించాడు, ఆదివారం పొద్దున పది నుంచి నాలుగు దాకా ఆన్‌లైన్ ట్రైనింగు ఉందని.

"ఐతారం ట్రైనింగేంది?" అంది సులోచన.

"పైనుంచి ఆర్డరు."

"పైనోళ్లకు పచ్చళ్లు ఉండవా?"

"నాకెందుకు చెప్తవ్, పైకి రాయి."

సులోచన రాయలేదు. ఆయన లేకుండా తానొక్కతే పోయి ఏం చేస్తుందని ఆగిపోయింది. జయరాజు బాధ నటించాడు. ఆ నటన చూస్తే గడ్డం మంత్రి కూడా మెచ్చుకునేవాడు.

ఆదివారం పదింటికి ముందుగది తలుపు దగ్గరికేసి, ల్యాప్‌టాప్ తెరిచి, భార్య కానుకను తన చొక్కా జేబులోంచి తీశాడు. కానుక అన్నాక మొదట ఆమె ఫోనుకే కలపాలి గదా, తెచ్చిన రోజు అలాగే కలిపాడు. సులోచన ఒక పాటన్నర వింది. మర్నాటి నుంచి అవి ఈ జేబులోనే కాపురం ఉన్నాయి.

డబ్బా మూత తీశాడు. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ నొక్కాడు. ఇయర్‌బడ్స్ కనిపించలేదు. మూత పెట్టి మళ్లీ తీశాడు. కనిపించలేదు. అవి మూత తీసీ తీయగానే వంటింట్లో ఉన్న సులోచన ఫోనును వెతుక్కుంటూ పోతున్నాయని ఆయనకు తెలియదు. ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ వేశాడు. డబ్బాతో పాటు వచ్చిన కాగితం విప్పాడు. అందులో ఆరు భాషలున్నాయి, చీమలు బారులు తీరినట్టు. తెలుగు చీమ ఒక్కటీ లేదు.

చివరికి తెరమీద ఒక పేరు మెరిసింది. డబ్బా మీది పేరులాగే రెండు ఇంగ్లిష్ అక్షరాలు, రెండు అంకెలు. అంకెలు కాస్త తేడాగా ఉన్నా, అదే కంపెనీ గదా అని నొక్కేశాడు. 'కనెక్టెడ్' అని వచ్చింది. జయరాజు చెవుల్లో బడ్స్ బిగించి, యాభై ఒకటో భాగం మొదలుపెట్టి, సౌండు పూర్తిగా పెంచాడు. చెవిలో చప్పుడు లేదు. చప్పుడు గోడ అవతలి నుంచి వచ్చింది.

గోడ అవతల మత్తయ్య సారుంటాడు. రిటైర్డు హెడ్మాస్టరు. ఆయన ముందుగదిలో ప్రతి ఆదివారం ప్రార్థన కూటం, పాటల కోసం ఒక స్పీకరు. పదిహేను మంది కళ్లు మూసుకుని మౌనంగా ఉన్న సమయంలో ఆ స్పీకరు, "రాణీవాసం ద్వారాలు మూయండి, ఒక్కడూ ప్రాణాలతో బయటికి పోకూడదు" అని ఆజ్ఞాపించింది. కొందరు కళ్లు తెరిచారు. ద్వారం దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

జయరాజు ల్యాప్‌టాప్ మూత ధడాలున మూసేసరికి మత్తయ్య కిటికీ దగ్గరికి వచ్చేశాడు.

"ఏం సార్, మీదేనా అది?"

"ట్రైనింగు సార్. చరిత్ర పాఠం."

"మా కాలంల గింత గట్టిగ చెప్పకపోదురు," అని మత్తయ్య నెమ్మదిగా వెళ్లిపోయాడు.

వంటింట్లోంచి సులోచన గొంతు వినిపించింది. డబ్బా వెనకాల బటన్ ఉంటదని, లైటు మినుకు మినుకుమనేదాకా ఒత్తిపట్టమని. పల్లెల్లో తిరిగి ట్యాబ్‌లో లెక్కలన్నీ ఎక్కించే ఆమెకు ఇలాంటివి చేతి పని. కానీ జయరాజు వాళ్లింట్లో మొదటి డిగ్రీ. భార్య చెప్పగానే ఒత్తితే డిగ్రీకి విలువేముంది? అందుకని ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, తనకే తట్టినట్టు ఒత్తాడు. లైటు మినుకుమంది. ల్యాప్‌టాప్ కలిసింది.

మరి సులోచన ఫోనును తీసేయాలా? అవసరం లేదనుకున్నాడు. ఒకేసారి రెండింటికీ కలుస్తాయని మిర్యాలగూడ షాపాయన రెండుసార్లు చెప్పాడు. ఆ గొప్పదనం కోసమే జయరాజు ఈ డబ్బాను ఎంచుకున్నాడు.

రాణి గిన్నె ఎత్తింది. పెదవుల దాకా తెచ్చింది. సరిగ్గా అప్పుడు మాటలు ఆగిపోయి చెవుల్లో ఏదో సంగీతం మోగింది. రాజమహల్ గంటలేమో అనుకున్నాడు. గంటలు ఆగకపోయేసరికి చిరాకేసి కుడిచెవి మీద వేలితో ఒక్కటి కొట్టాడు. సంగీతం ఆగింది. అంతా నిశ్శబ్దం. తెర మీద రాణి పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

జయరాజుకు దుఃఖం పొంగింది.

"ఇగ నా బతుకు గింతే," అన్నాడు పైకే. "ఒక్క ఐతారం ఆ మామిడికాయలు కొట్టకుండ కూసుందామని లేని ట్రైనింగ్ సృష్టిస్తి. అత్తమ్మను నమ్మిస్తి. గింత చేసినంక ఆ గడ్డపోడు మందుల ఏం కలిపిండో ఇననియ్యవా?"

రాణి పెదవులు మళ్లీ కదిలాయి. కోదాడ యాసలో మాట వినిపించింది.

"విషమే కలిపాడు అల్లుడుగారూ."

జయరాజు తెరకేసి చూశాడు. డబ్బింగు ఇంత బాగుంటుందని అనుకోలేదు. రాణి నోరు మూసుకుంది. మాట మాత్రం ఆగలేదు.

"కానీ రాణి తాగదు. చెలికత్తె తాగి పోతుంది. గడ్డం ఆయన యాభై తొమ్మిదిలో దొరుకుతాడు. ఆఖర్న యువరాజు కూడా ఉండడు, పాపం. నేను అరవై నాలుగూ ఎప్పుడో చూసేశాను."

"అత్తమ్మా," అన్నాడు జయరాజు. అంతకుమించి డిగ్రీ సహకరించలేదు.

"మీ ట్రైనింగు నాలుగింటి దాకా అంది మా అమ్మాయి. తెంపిన కాయ ఆగదు కదా, ఏం చెయ్యాలో అడుగుదామని దాని ఫోనుకు చేశాను. మీరు ఎత్తారు, మంచిదైంది. కాయ రెండు బస్తాలూ, కత్తీ బస్సులో వేయిస్తాను. మెదడుకు నష్టం లేని పని."

తలుపు తెరుచుకుంది. సులోచన గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫోను, దానిలో తల్లి పేరు కింద నిమిషాలు నడుస్తున్నాయి. ఆమె చెయ్యి చాపింది. జయరాజు రెండు చెవుల్లోంచీ కానుక తీసి ఆ చేతిలో పెట్టాడు.

మూడింటికి వసారాలో కత్తిపీట ముందు జయరాజు, ఆయన ముందు కొండంత కాయ. ఎదురుగా కుర్చీలో సులోచన, ఒళ్లో ల్యాప్‌టాప్, చెవుల్లో బడ్స్. తన ఫోనును పక్కకు తీసేసి ల్యాప్‌టాప్‌కు కలపడానికి ఆమెకు పట్టింది అర నిమిషం. మొదటి భాగం నుంచి పెట్టింది. యువరాజు ఇంకా చిన్నపిల్లవాడు, గాలిపటం ఎగరేస్తున్నాడు. చివరికి ఏమవుతాడో తెలిసినవాడు కాబట్టి జయరాజు అటు చూడలేకపోయాడు.

ఓ పాతిక కాయలు కొట్టాక, ఏడో కాయకే మొదలైన బొబ్బను చూపించి, జర ఒక చెయ్యి వేయమని బతిమాలాడు. సులోచనకు వినపడలేదు. గట్టిగా పిలిచాడు. వినపడలేదు. కత్తిపీట మీద కట్టెతో టకటకా కొట్టాడు.

ఆమె ఒక్క చెవిలోది తీసింది.

"ట్రైనింగ్ నడుస్తుంది," అంది. "నాలుగింటి దాక పలకరియ్యకు."

మళ్లీ పెట్టుకుంది. కుర్చీ కాస్త పక్కకు జరిపి, టెంక పెచ్చు ఊడిన ఒక ముక్కను కాలి వేలితో ఆయన ముందుకు నెట్టింది.