జంగమ్మ టీవీలో మసక ముఖం

"ఉపేందర్, రాసిపెట్టుకో. నేరం చేసెటోడు శంషాబాద్‌ల విమానం దిగంగనే వాపస్ టికెట్ కొనుక్కోవాలె. ఎందుకంటే ఈడ బాలమల్లు ఉన్నడు!"

ఈ చారిత్రక ప్రకటన నా జిరాక్స్ షాపులో, నా కుర్చీలో కూర్చుని, నా చాయ్ తాగుతూ చేశాడు బాలమల్లు. నీళ్ల మోటార్లు రిపేర్ చేయడం అతని వృత్తి. డిటెక్టివ్ పని మాత్రం మా ఖర్మ. ఇప్పటివరకు రెండు కేసులు చూశాడు. మొదటి కేసులో తప్పిపోయిన మేక తనంతట తానే ఇంటికొచ్చింది. రెండో కేసులో పోయినవి అతని చెప్పులే. ఇంకా దొరకలేదు.

అప్పుడే జంగమ్మ వచ్చింది. మా వీధి చివరి మూడంతస్తుల ఇల్లు ఆమెదే. కింద ఆమె ఉంటుంది. పైన ఎయిర్‌పోర్టులో పనిచేసే కుర్రాళ్లు ఇరవై మంది కిరాయికి ఉంటారు. కిరాయిలోనే వైఫై కూడా కలిపి ఇస్తుంది.

"బిడ్డా, నా కండ్లు పోతున్నయ్," అంది కొంగుతో తుడుచుకుంటూ.

ఆమె మనవరాలు అఖిల వరంగల్‌లో కబడ్డీ పోటీలు ఆడుతోంది. రోజూ సాయంత్రం ఆరున్నరకు ఆట లైవ్ వస్తుంది. జంగమ్మ టీవీలో చూస్తుంది. మొదటి రోజు బాగానే కనబడిందట. రెండో రోజు ఆట మొదలైన కాసేపటికి కాస్త మసక. నిన్నటికి మరీ ఘోరం.

"ఏడుగురు పిల్లలల్ల నా పిల్ల ఎవరో నేనే పోల్చుకోకపోతి. ఇయ్యాల ఫైనల్. రేపు దవాఖానకు పోవాలె, ఆపరేషన్ అంటరేమో. మల్ల దాని మొఖం ఎప్పుడు చూస్తనో ఏమో. భయమైతున్నది బిడ్డా."

నాకు జాలేసింది. బాలమల్లుకు ఉత్సాహం పుట్టుకొచ్చింది.

"అవ్వా, పొద్దుగాల కండ్లు మంచిగుంటయా?"

"పొద్దుగాల సూదిల దారం ఎక్కిస్త."

"మాపటికి?"

"టీవీ ఒక్కటే మసక."

ఈ జవాబు వింటే ఎవరైనా టీవీని అనుమానిస్తారు. బాలమల్లు ఒక్క ఉదుటున లేచాడు. "విషం! మాపటి చాయ్‌ల కలుపుతున్నరు!"

"చాయ్ నేనే పెట్టుకుంట గదరా."

"పాలెవరియి?"

"నా బర్రెయి."

"బర్రె మీద నిఘా పెట్టాలె," అని నా బిల్లు పుస్తకంలో రాసుకున్నాడు.

ఆరింటికల్లా జంగమ్మ ఇంట్లో ఉన్నాం. శాస్త్రీయ పరీక్ష పేరుతో బాలమల్లు మూడు గ్లాసుల చాయ్ పుచ్చుకున్నాడు. ఆరున్నరకు ఆట మొదలైంది. బొమ్మ అద్దంలా ఉంది. పావు తక్కువ ఏడుకు కంపెనీ బస్సు వచ్చి ఆగింది. ఇరవై మందీ దిగి, మెట్లన్నీ పరుగున ఎక్కి, తలుపులు వేసుకున్నారు. ఐదు నిమిషాల్లో అఖిల ముఖం గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. ఆట ఆగలేదు, కానీ ఎవరు ఎవరో తెలియడం లేదు.

"అన్నా, నాకు గూడ మసకగనే..." అన్నాను.

"నువ్వు గూడ చాయ్ తాగినవ్ గద!" అని నా నోరు మూయించాడు. "ఆళ్లు రాంగనే కండ్లు పోయినయ్. ఇరవై మంది, మూసిన తలుపులు... ఇది ముఠా!"

ముఠా మీద కన్నేయడానికి నన్ను బయటికి లాక్కొచ్చి, తను మెట్ల కిందికి దూరాడు. వైఫై డబ్బా అక్కడే ఉంది. దాన్నుంచి తెల్ల వైరు జంగమ్మ టీవీకి, నల్ల వైరు పై అంతస్తులకు పోతాయి. బాలమల్లు కాలు నల్ల వైరులో చిక్కుకుంది. వైరు ఊడి అతని చేతికొచ్చింది. అతను నేలకొచ్చాడు.

లోపల జంగమ్మ కేక! నేను పరిగెత్తాను.

"అగో నా పిల్ల! గదుమ మీది మచ్చ గూడ కనబడుతున్నది!"

ఆ వెంటనే పైన తలుపులన్నీ ధడేల్మని తెరుచుకున్నాయి. "వైఫై పోయింది!" అంటూ అందరికంటే ముందు కార్గోలో పనిచేసే అరుణ్‌కుమార్ దిగాడు.

బాలమల్లు పడుకున్నచోటి నుంచే వేలు చూపించాడు. "కదలకు! తలుపులు మూసుకోని ఏం చేస్తున్నరు?"

"అఖిల ఆట చూస్తున్నం అన్నా."

"అందరా?"

"ఎవరి ఫోన్ల వాళ్లం. మొదటి రోజు నలుగురమే చూసినం. అవ్వ రూం రూంకు వచ్చి, 'నా మనుమరాలి ఆట చూడనోడు రూం ఖాళీ చెయ్యాలె' అన్నది. ఇగ రోజురోజుకు పెరిగినం."

అప్పటికి నాకు విషయం అర్థమైంది. అరుణ్‌కుమార్ అవ్వకు కూడా విడమరిచి చెప్పాడు. "లైన్ ఒక్కటే గదవ్వా. షేర్ ఆటోల మంది ఎక్కువైతే జర ముడుచుకోని కూసుంటం. వీడియో గూడ గంతే. ఆగిపోవద్దని బొమ్మను తగ్గించుకుంటది. జాగా దొరికితే మల్ల కాళ్లు చాపుతది."

"అయితే నా కండ్లు?"

"మంచిగున్నయ్."

జంగమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నా పిల్లను నేనే మసక జేసుకుంటినా! ఆ వైరు గట్లనే ఉండనీ. అందరు ఈడనే కూసోండి."

"చూసినవా ఉపేందర్? నేరం మూలానికి పోయి వైరు గుంజిన," అన్నాడు బాలమల్లు మోచేయి రుద్దుకుంటూ.

"జారి పడ్డవ్ గదన్నా."

"పడుడు గూడ ప్లానే."

ఆఖరి నిమిషంలో అఖిల ముగ్గురిని తాకి గీత దాటి వచ్చింది. ఇల్లంతా అరుపులే. కెమెరా ఆమె ముఖాన్ని దగ్గరగా చూపించగానే జంగమ్మ లేచి టీవీకి అడ్డంగా నిలబడింది. మనవరాలి చెంప మీద చెయ్యి పెట్టి అలాగే చూస్తూ ఉండిపోయింది. మాకెవరికీ ఆమె వీపు తప్ప ఏమీ కనబడలేదు.

"అవ్వా, జర పక్కకు..." అనబోయాడు బాలమల్లు.

అరుణ్‌కుమార్ అతని నోరు మూశాడు.