నాణేలకు టీకా

ఆ ఆదివారం రెఫూహియో చేయాల్సిన పనులు: క్షౌరం చేయించుకోవడం, బూట్లకు పాలిష్ పెట్టించడం, పిల్లికి రేబిస్ టీకా వేయించడం, చర్చిలో ఫెర్మిన్ బిడ్డ బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడటం, ఆ తర్వాత మెట్ల మీద నిలబడి పిల్లలకు నాణేలు విసరడం. నాణేలు మరిచిపోయిన జ్ఞానతండ్రిని ఆ ఊరి పిల్లలు వీధి చివరిదాకా తరుముతారు. టీకా మరిచిపోతే తరిమేది భార్య ఎవులాలియా.

"సాయంత్రానికి మన అమ్మాయినీ, దాని పసిగుడ్డునీ తీసుకొస్తా," అని బస్సెక్కుతూ చెప్పిందామె. "పోయిన వారమే మన వీధిలో రేబిస్ గబ్బిలం దొరికింది. టీకా పడకపోతే నీ పిల్లిని మా చెల్లెలి పొలానికి పంపేస్తా. నిన్ను కూడా పంపుదును గానీ, మా చెల్లెలు ఒప్పుకోదు."

పిల్లి పేరు కనేలా. రెఫూహియో ఒళ్లో తప్ప నిద్రపోదు. దాన్ని పొలానికి పంపిస్తే అతనికీ నిద్ర పట్టదు.

పిల్లులకూ కుక్కలకూ టీకాలు వేసే బల్లా, చర్చీ ఎదురెదురుగానే ఉన్నాయి. అతను పిల్లిని ఒక దిండు గలీబులో వేసి, నాణేలూ మిఠాయిలూ ఇంకో గలీబులో పోసి ముడేశాడు. రెండింటి మీదా ఎవులాలియా కుట్టిన ఎర్ర కోడి బొమ్మలే. ఆ ఊళ్లో పిల్లుల్ని అలాగే తెస్తారు, బట్ట మీంచే సూది పొడుస్తారు. గలీబులో పడ్డ కనేలా ఉలకలేదు, పలకలేదు. పాలిష్ పెట్టించుకుంటూ రెఫూహియో రెండు మూటలనూ కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

టీకాల వరుస చాలా పొడుగ్గా ఉంది. ముందు పక్కింటి చబేలా, తన కుక్కతో. ఆమె కొడుక్కి ఒకప్పుడు ఇతనే జ్ఞానతండ్రి. అప్పటి నుంచీ ఒకరికొకరు కొంపాద్రే, కొమాద్రే. ఇంతలో చర్చి గంట మోగింది.

"కొమాద్రే, మా కనేలాకి కూడా కాస్త పొడిపించు," అంటూ రెఫూహియో ఒక మూట ఆమె చేతిలో పెట్టాడు.

"కరుస్తుందా కొంపాద్రే?"

"ఛ! రాయిలా పడుంటుంది."

నిజంగానే రాయిలా ఉంది. ఇంత బుద్ధిమంతురాలా అని చబేలా మురిసిపోయింది.

చర్చిలో బిడ్డ ఏడ్చింది, మూట ఏడవలేదు. బయట మెట్ల మీద పిల్లలు మూగారు. "జ్ఞానతండ్రీ, నాణేలు! పిసినారితనం వద్దు!" రెఫూహియో మీసం సవరించుకుని, ముడి విప్పి, చెయ్యి లోపలికి పెట్టాడు. చెయ్యి లోపలికి వెళ్లింది, కేక బయటికి వచ్చింది.

కనేలా ఫాదర్ గారి భుజం మీద కాలు మోపి, టీకాల వరుస మీదుగా దూకింది. అందాకా బుద్ధిగా ఉన్న కుక్కలన్నీ యజమానుల్ని ఈడ్చుకుంటూ వెంటపడ్డాయి. అదే సమయానికి టీకాలు వేసే నయేలీ వంగిన సూదితో ఎదురొచ్చింది.

"దోన్ రెఫూహియో, ఇది రెండో సూది. మీ పిల్లికి ఏం పెట్టి పెంచుతున్నారు?"

వెనకే వచ్చిన చబేలా అనుమానంతో మూట బోర్లించింది. నాణేలు గలగలా రాలాయి. పిల్లలు కుక్కల కాళ్ల మధ్య దూరారు. కుక్కలు మిఠాయిల మీద పడ్డాయి. అందరూ అందరినీ తిట్టుకున్నాక చూస్తే, కనేలా మెట్ల మీద పడున్న గలీబులోకి తనంతట తానే దూరి ఉంది.

"దొరికిందమ్మా! చప్పున పొడిచెయ్యండి!"

"మిమ్మల్ని కరిచిందిగా, ఇప్పుడు వెయ్యకూడదు," అంటూ నయేలీ అతని చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. "పది రోజులు కనిపెట్టి చూడాలి. బాగుంటే అప్పుడు తీసుకురండి. ముందు మీరు ఆస్పత్రికి వెళ్లి డాక్టరుకి చెయ్యి చూపించుకోండి, టెటనస్ సూది వేస్తారు. నిరుడైనా వేయించాల్సింది దీనికి."

"నిరుడూ వచ్చానమ్మా. వరుస పొడుగ్గా ఉందని వెళ్లిపోయా."

"ఈసారి చేసిందీ అదేగా?"

"మా ఆవిడ దీన్ని పొలానికి పంపేస్తుంది!"

"కుదరదు. మీ ఇంట్లోనే, కళ్లెదుటే ఉండాలి. పసిబిడ్డకు దూరంగా, తలుపేసిన గదిలో."

కాటు మండుతున్నా రెఫూహియో మొహం వెలిగిపోయింది. ఇక ఎవులాలియా ఏం చేస్తుంది?

సాయంత్రం ఆమె అంతా శాంతంగా విన్నది. "తలుపేసిన గదిలోనా? మంచిది. కనిపెట్టి చూసేవాడు కూడా అందులోనే ఉంటాడు," అని, గలీబు లేని దిండొకటి లోపలికి విసిరి గడియ పెట్టింది.

ఆ రోజు నాణేలకు రెండుసార్లు టీకా పడింది, రెఫూహియోకు ఆస్పత్రిలో సూది పడింది. పడనిది కనేలాకే. మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, టీకాల రోజున దయచేసి రెఫూహియోను ఒక్కసారి తలుచుకోండి. వరుస ఎంత పొడుగున్నా నిలబడండి, మూట మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.