అక్షింతల పురుగుల పదోన్నతి

తినడమే విధిగా, తినకపోతే విధి నిర్వహణలో లోపంగా, బహిరంగంగా సర్కారు కొలువులో చేరిన తొలి ప్రాణి అక్షింతల పురుగు. (మిగతావాళ్ల నియామక పత్రాల్లో తినడం గురించి రాయలేదు. వాళ్లే చొరవ తీసుకున్నారు.)

మా పిన్ని బెండతోటకు ఆకుల రసం పీల్చే పేనుబంక చీడ పట్టింది. పేరులోనే బంక ఉంది కదా, పట్టిందంటే వదలదు. తోటేమో పూత మీదుంది. ఈ వారం దాటితే పిందె నిలవదు. ఆ బంకను కరకర నమిలేసే అక్షింతల పురుగుల్ని ఊరికే ఇస్తారని విని, నన్ను వెంటేసుకుని మిత్రపురుగుల విభాగానికి పరుగెత్తింది. పురుగుల కోసం పరుగులన్నమాట.

సూపరింటెండెంటు గారి బల్ల మీద చిల్లుల మూత డబ్బా. అందులో ఎర్రెర్రగా, చుక్కలు చుక్కలుగా సిబ్బంది.

“వీటికింకా శిక్షణ పూర్తి కాలేదమ్మా.”

“తినడానికి శిక్షణేంటి బాబూ?”

“ఏది తినాలి, ఎంత తినాలి, ఎవరు చూడనప్పుడు తినాలి... ఇవన్నీ నేర్చుకోవడానికి నాకే సగం సర్వీసు పట్టింది.”

“ఆకలికి ఒకదాన్నొకటి పీక్కుతింటున్నాయయ్యా!”

ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. “శాఖలో అభిప్రాయభేదాలు. మామూలే.”

పిన్ని ఆయనకు నాలుగు అక్షింతలు వేసి (ఇవి పురుగులు కావు), డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచింది. “అమ్మా, అది నా సిబ్బంది!” అంటూ ఆయన చెప్పులు వెతుక్కునేలోపు తోటలో మూత తీసేశాం.

లంచ్ లేదు, లంచం లేదు, ఒకటే పని. వారం తిరక్కుండా ఆకులు తళతళ, పిందెలు చిటికెన వేలంత. పిన్ని వీధిలో వాళ్లందర్నీ చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించింది.

విభాగం మాత్రం గడగడలాడింది. చీడ లేకపోతే పురుగులెందుకు? పురుగులే లేకపోతే సూపరింటెండెంటు ఎందుకు? ఈ ప్రశ్న ఇంకెవరికీ తట్టకముందే అత్యవసర సమావేశం జరిపి, పిన్ని తోటను పేనుబంక సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి, ఆకు ఆకుకూ పక్షపాతం లేకుండా చీడ అంటించారు. బంట్రోతు పురుగుల్ని ఏరి డబ్బాకెక్కించాడు.

“కనీసం వాటినైనా ఇక్కడ ఉండనివ్వు బాబూ, తింటాయి,” అంది పిన్ని.

“భలేవారమ్మా! అంత బాగా పనిచేసినవాళ్లతో ఇంకా పని చేయిస్తామా?”

పిన్నికి ఒక్క బెండకాయా దక్కలేదు. అక్షింతల పురుగులు ఇప్పుడు పై అంతస్తులో, ఫ్యాను కింద ఉంటాయి. అవి తినవు, తినేవాళ్లను పర్యవేక్షిస్తాయి.