పేరు పలకరాని ఏడో అధ్యాయం

జలవనరులు, ఆదివాసీ గౌరవం అనే రెండు శాఖలనూ ఒంటిచేత్తో మోస్తున్న మంత్రి డారిల్ పెట్టిఫర్ గారు శుక్రవారం పదకొండు గంటలకు విశ్వవిద్యాలయంలో ఒక గ్రంథాన్ని ఆవిష్కరిస్తారని పత్రికలన్నీ ప్రకటించాయి. నది గురించి ఆదివాసులకు తెలిసినదంతా ఒక్కచోట చేర్చిన పాఠ్యపుస్తకం అది. వచ్చే ఏడు నుంచి మొదటి సంవత్సరం విద్యార్థులందరూ చదివి తీరాలి. నాలుగు వందల పన్నెండు పేజీలు. నేలమీంచి ఎత్తాలన్నా డిగ్రీ ఉండాలనిపించేంత బరువు.

అందులో ఏడో అధ్యాయం వెర్నా డాకిన్‌ది. ఆమెకు డెబ్భై నాలుగేళ్లు. ఊళ్లో పిల్లా పెద్దా అందరూ ఆంటీ అనే పిలుస్తారు. నది వంపులో చేపలు పట్టడానికి వాళ్ల ముత్తవ్వల ముత్తవ్వలు పేర్చిన రాతికట్లున్నాయి. నీరు ఎంత పెరిగితే ఏ రాయి జరపాలో, ఏ చేపను గుడ్లు పెట్టుకోమని వదిలెయ్యాలో మొత్తంగా తెలిసింది ఇప్పుడు ఆమె ఒక్కతికే. ఒక ప్రొఫెసర్ నలభై సాయంత్రాలు ఆమె వరండాలో కూర్చుని, ఆమె నిప్పుల మీద కాల్చిన రొట్టెలు తింటూ, అదంతా టేపులో ఎక్కించుకుపోయాడు.

వెర్నా ఊరికే చెప్పలేదు. ఆ వంపులో పంపింగ్ స్టేషన్ కడతారని మూడేళ్లుగా పుకారుంది. రాళ్ల సంగతి తెలిసినవాళ్లను అడగకుండా ఒక్క రాయి కదపకూడదని చట్టమూ ఉంది. తెలిసిన మనిషి ఎవరో తన పేరుతో సహా అచ్చులో ఉంటే అడక్క చస్తారా అన్నది ఆమె ధీమా.

శుక్రవారం తమ్ముడు క్లారీ పాత ట్రక్కులో ఆమెను విశ్వవిద్యాలయానికి తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు పేర్చి ఉన్నాయి. క్లారీ ఒకటి తీసి మొదటి పేజీ చదివాడు.

"అక్కా, నువ్వు పోయావట."

"ఎప్పుడ్రా?"

"తేదీ వెయ్యలేదు. మర్యాద కాబోలు."

వెర్నా కళ్లజోడు పెట్టుకుంది. ఏడో అధ్యాయపు జ్ఞానదాత్రి కాలం చేశారనీ, ఆమె జాతి ఆచారాన్ని శిరసావహిస్తూ రెండు నియమాలు పాటిస్తున్నామనీ ఉంది. ఒకటి, ఆమె పేరు ఎవరూ పలకరాదు, రాయరాదు, ముఖం చూపరాదు. రెండు, ఆమె కన్నుమూశారని కుటుంబం చూపిన చోట, వాళ్లు పొగ వేసి దుఃఖం ముగిసిందని చెప్పేదాకా ఎవరూ అడుగు పెట్టరాదు. కింద మంత్రిగారి సంతకం. లోపల ఆమె పేరున్న ప్రతిచోటా నల్లటి పట్టీ. ఫోటోలో ఆమె ముఖానికీ అదే. చేతిలో చేప మాత్రం స్పష్టంగా పడింది.

"చేపను అడిగారంటావా?" అన్నాడు క్లారీ.

మంత్రిగారి శాఖలో గౌరవ విభాగానికి అధిపతి ప్రూ అట్‌వెల్ అనే అమ్మాయి. చాలా మంచిది. ఆదివాసుల మనోభావాల మీద ఆరు కోర్సులు చేసింది. వెర్నా నేరుగా ఆమె దగ్గరికి వెళ్లింది.

"అమ్మాయ్, ఈ ఏడో అధ్యాయం నాది. నేను వెర్నా డాకిన్‌ని."

ప్రూ చెవులు మూసుకుంది. "దయచేసి ఆ పేరు పలక్కండి ఆంటీ. మీవాళ్లు నొచ్చుకుంటారు."

"మావాళ్లంటే ఎవరు?"

"మీరే."

"నేను బతికే ఉన్నాను కదే."

"అర్థం చేసుకోగలను. అనుమతి పత్రం రెండుసార్లు పంపాం, జవాబు రాలేదు. మా ఫారంలో రెండే గళ్లు. ఒకటి అనుమతించారు, రెండోది కాలం చేశారు. మీరు అనుమతించలేదు."

"మోకాలి ఆపరేషన్‌కని మా చెల్లెలి దగ్గరున్నాను."

"మా ప్రగాఢ సానుభూతి ఆంటీ."

దిద్దడానికి మార్గం లేకపోలేదు. మృతురాలి దగ్గరి బంధువులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రూ కాగితం ఇచ్చింది. మృతురాలితో సంబంధం అన్నచోట వెర్నా కాసేపు ఆలోచించి, "చిన్నప్పట్నుంచీ ఎరుగుదును" అని రాసి సంతకం పెట్టింది. ప్రూ అది చదివి కళ్లు తుడుచుకుంది. తర్వాత సంతకం మీద నల్లటి పట్టీ అంటించింది.

"రెండో ముద్రణలో తప్పకుండా చూస్తాం."

"అదెప్పుడు?"

"మొదటిది అమ్ముడయ్యాక. అయిదేళ్లు పట్టొచ్చు."

ఇంతలో మంత్రిగారు వేదిక ఎక్కారు. ఈ నేలకు చెందిన గతించిన పెద్దలకూ, ఉన్న పెద్దలకూ, రాబోయే పెద్దలకూ నమస్కరించారు. ఈ ముగ్గురిలో తానెవరో వెర్నాకు తేలలేదు. తన నియమాలు రెండూ పోయిన నెలే చట్టమయ్యాయని, వాటిని మీరిన అధికారి ఎంతటివాడైనా ఉద్యోగం ఊడుతుందని మంత్రిగారు గర్వంగా చెప్పారు. ఆ మహాతల్లిని తాను కలుసుకోలేకపోయానని గొంతు గద్గదం చేసుకున్నారు. మంత్రిగారి ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నలభై నిమిషాల దారి.

అందరూ లేచి ఒక్క నిమిషం మౌనం పాటించారు. వెర్నా కూడా మోకాలు పట్టుకుని లేచింది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా. తన కోసం ఇంతమంది లేచి నిలబడటం బతికుండగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇక శుభవార్త," అన్నారు మంత్రిగారు. "నది వంపులో పంపింగ్ స్టేషన్ కడుతున్నాం. రాళ్ల సంగతి తెలిసినవారిని సంప్రదించమంటుంది చట్టం. దురదృష్టం, ఎవరూ మిగల్లేదు. అందుకని సోమవారం పొద్దున్నే పని మొదలు. స్టేషన్‌కు ఆ తల్లి పేరే పెడుతున్నాం. ఆచారం ప్రకారం బోర్డు మీద ఏమీ రాయం."

వెర్నా చెయ్యెత్తింది. "నేనున్నాను."

మంత్రిగారు ఆమె వైపు ఆర్ద్రంగా చూశారు. "నిజం. ఆమె ఎక్కడికీ పోలేదు. మన మధ్యే ఉన్నారు."

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది.

ట్రక్కు ఇంటిదారి పట్టింది. వెర్నాకు ఒళ్లు మండిపోతోంది. నల్ల పట్టీల గురించి కాదు. వాళ్లమ్మ తన చెయ్యి పట్టుకుని ఒక్కో రాయి తాకించి నేర్పిన చోటు అది. మూడు రోజుల్లో అక్కడ సిమెంటు పోస్తారు. ఆ నలభై సాయంత్రాలూ నోరు మూసుకుని రొట్టెలు తానే తినేసి ఉంటే సరిపోయేది.

"ఆ పుస్తకం ఇటియ్యరా," అంది కాసేపటికి.

"ఎందుకక్కా, మళ్లీ ఏడుపు?"

"నా కోసం రాసిన నియమాలు. నేనే చదవకపోతే ఎట్లా."

సోమవారం ఏడు గంటలకు మట్టి తవ్వే పెద్ద యంత్రం నది వంపుకు చేరింది. వెనకాలే ఇంజనీరు. ఆ వెనక కారులో ఖాళీ బోర్డు పెట్టుకుని ప్రూ. రాతికట్లకు ఎదురుగా మడత కుర్చీలో నల్లబట్టలేసుకుని వెర్నా కూర్చుని ఉంది. ఒళ్లో నాలుగు వందల పన్నెండు పేజీలు. పక్కన క్లారీ చితుకులు పేర్చి నిప్పు రాజేస్తున్నాడు.

"ఆంటీ, మీరు లేవాలి," అంది ప్రూ మెల్లగా. "మీ బాధ తెలుసు."

"తెలిస్తే అక్కడే ఆగు. ఆవిడ పోయింది ఇక్కడే."

ప్రూ కాలు గాల్లోనే ఆగిపోయింది.

"సరిగ్గా ఎక్కడ?" అన్నాడు ఇంజనీరు.

వెర్నా వేలితో చూపించింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, పై రాయి నుంచి కింది వంపు దాకా.

"ఇంత మేరా పోయిందా?"

"మెల్లగా పోయింది," అన్నాడు క్లారీ.

ఇంజనీరు ప్రూ వైపు చూశాడు. ప్రూ పుస్తకం తెరిచి మొదటి పేజీ రెండుసార్లు చదివింది. పోయిన చోటును నిర్ణయించేది ఎవరంటే కుటుంబమే. ఆమె అసలు పోలేదని రాసిద్దామంటే మంత్రిగారు పాటించిన మౌనం ఏమవుతుంది, ఆ సంతకం ఏమవుతుంది. అంతదాకా ఆలోచించలేక ఆ అమ్మాయి తల వంచుకుని వెనక్కి నడిచి, యంత్రాన్ని కూడా వెనక్కి పంపేసింది.

మంత్రిగారికి ఫోన్ వెళ్లింది. ఆయన చాలాసేపు మౌనం పాటించారు. మధ్యాహ్నానికి వారి తరఫున పూలగుత్తి వచ్చింది.

ప్రూ దాన్ని గట్టుకు అవతలే పెట్టి, అక్కణ్నుంచే నెమ్మదిగా అడిగింది. "ఆంటీ, ఆ పొగ... దుఃఖం ముగిసినట్టేనా?"

"ఇది టీకి," అన్నాడు క్లారీ.

"మరి ఎప్పుడు ముగియొచ్చంటారు? ఫారంలో రాయాలి."

వెర్నా నది వైపు చూసింది. నీరు ఒక జానెడు పెరిగింది. చెప్పులు విడిచి, మోకాలు పట్టుకుని నీళ్లలోకి దిగి, మూడో వరసలో ఒక రాయిని పక్కకు జరిపింది.

"ముందు నన్ను పోనీవే తల్లీ," అంది. "తర్వాత చూద్దాం."