"తిని వెళ్ళు" అంటే కూర్చుండిపోయిన లింగ్‌యా

లింగ్‌యాకు దయ్యాలంటే భయం లేదు. పోలీసులన్నా లేదు. అత్తగారన్నా పెద్దగా లేదు. ఆమె భయమల్లా ఒక్కటే: తాను నిద్రపోయి లేచేసరికి ఒళ్ళో పిల్ల ఉండదని. పిల్ల తాంగ్‌తాంగ్‌కి ఇంకా ఏడాది నిండలేదు. అది పుట్టిన నాటి నుంచీ ఈ తల్లి ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచే పడుకుంటోంది.

స్పెయిన్‌లో చిన్న కొట్టు నడుపుకునే ఆ మొగుడూ పెళ్ళాలు చాలా ఏళ్ళకు సొంతగడ్డ వెన్‌జౌలో విమానం దిగారు. మనుషులు దిగారు గాని ఒళ్ళు ఇంకా దిగలేదు. ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వాళ్ళ ఒంటికి తెల్లవారుజాము. ఇక్కడ దీపాలు వెలిగే వేళకు వాళ్ళకు మధ్యాహ్నం కునుకు.

ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నపిల్లలు కూడా చెడగొట్టలేనంత సులువైనది. చదువు మానేసి బూట్ల ఫ్యాక్టరీలో చేరినప్పుడు లింగ్‌యా పక్కనే కూర్చుని బూటు అడుగులకు జిగురు పూసిన సాయ్‌పింగ్ ఇంట్లో టీ. అదే జిగురు పూసిన మెయ్‌చిన్ ఇంట్లో భోజనం. సాయంత్రం బస్సుకి పల్లెలో ఉన్న అత్తగారింటికి.

"ఎక్కడా చేరగిలబడకు. చేరగిలబడ్డావో, ఇక లేవవు," అని మొగుడు హైబో దారంతా హితబోధ చేశాడు. సాయ్‌పింగ్ ఇల్లు మేడ మీద, ఆమె భర్త తోలు కత్తిరించే షెడ్డు కింద. షెడ్డు వెనక మెత్తగా పేర్చిన తోలు చుట్టలు చూసుకుంటూ మెట్ల దగ్గరికి రాగానే హైబో తన ఫోన్ పిల్ల చేతికిచ్చి, "నువ్వు పద, ఒక్క సిగరెట్ కాల్చి వస్తా," అని షెడ్డు వైపు తప్పుకున్నాడు.

సాయ్‌పింగ్ "ఎంత చిక్కిపోయావే!" అని ఒకసారి, "ఎంత ఒళ్ళు చేశావే!" అని ఒకసారి, ఊపిరి తీసుకోకుండా రెండూ అనేసింది. టీ అయింది. లింగ్‌యా లేచింది.

"అప్పుడే లేచావేంటే! తిని వెళ్ళు!"

ఈ మాటకు వెన్‌జౌలో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు "అబ్బే, వద్దక్కా," అనాలి. ఇంటామె చెయ్యి పట్టి లాగాలి. వీళ్ళు విడిపించుకోవాలి. ఈ పెనుగులాట మెట్ల దాకా సాగి, చొక్కా చేతులు కూడా సాగాక, అందరూ తృప్తిగా ఎవరి దారిన వాళ్ళు పోవాలి. ఆ మాట నమ్ముకుని ఇంతవరకూ ఎవరూ ముద్ద నోట్లో పెట్టుకున్న దాఖలా లేదు.

లింగ్‌యా ఒంటికి అది తెల్లవారుజాము.

"సరే అక్కా," అని కూర్చుంది.

లాగడానికి చాచిన సాయ్‌పింగ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "మంచి పని చేశావు!" అంటూ, రాత్రి మిగిలిన గంజిని తలుచుకుని, వంటింట్లోకి పరుగెత్తి మెయ్‌చిన్‌కి ఫోన్ చేసింది.

"నీ దగ్గర చేపేమైనా ఉందా? లింగ్‌యా మా ఇంట్లో భోజనానికి కూర్చుంది."

"మీ ఇంట్లోనా? ఇవాళ భోజనం మా ఇంట్లో కదే! నిన్నటి నుంచి బాతు నాలుకలు ఊరేస్తున్నాను!"

"నన్నేం చెయ్యమంటావు? మాట వరసకన్నాను. కూర్చుంది!"

"నీకు బుద్ధుందా? ఈ కాలంలో అట్లా గట్టిగా అంటారా ఎవరైనా?"

అతిథి పరాయి ఇంట్లో తినేసిందంటే మెయ్‌చిన్ పరువేం కాను? గిన్నెలన్నీ మూటగట్టి, స్పెయిన్ మనిషిని చూడాలని వచ్చిన ఇద్దరు అత్తల్నీ వెంటేసుకుని, వండిన భోజనాన్నే మోసుకుంటూ వచ్చేసింది. ఆ ఊరేగింపు మెట్లెక్కుతుంటే ఒక్కొక్క తలుపే తెరుచుకుంది.

"ఏంటమ్మా హడావుడి?" అంది పై నుంచి తొంగి చూసిన మూడో అంతస్తు మామ్మ.

నా అతిథిని ఇంకొకరు లాగేసుకున్నారని ఎవరు చెప్పుకుంటారు! "పిల్ల వేడుక మామ్మా," అంది మెయ్‌చిన్.

"ఏడాది నిండిందా?"

"నిండినట్టే."

ఇక మామ్మకు అంతకంటే ఆధారం అక్కర్లేదు. ఏడాది నిండిన పిల్ల ముందు వస్తువులు పరచాలి, ఏది పట్టుకుంటే పెద్దయ్యాక ఆ పనిలో వెలిగిపోతుంది. మామ్మ తన ఇంట్లో చాప వేసింది. పెన్ను, కత్తెర, లెక్కలు చూసే మిషను, గరిటె... తమ పిల్లలు ఏది పట్టుకుని ఏమీ కాలేకపోయారో, ఇంటింటివాళ్ళూ ఆ వస్తువునే ప్రేమగా తెచ్చారు. మెట్ల మీద ఇంత జనం తిరుగుతుంటే దొంగతనం జరుగుతుందని సాయ్‌పింగ్ భర్త షెడ్డు షట్టర్ దించి తాళం వేసి, తోలు ముక్క కట్టిన ఆ తాళంచెవి కూడా చాప మీద పెట్టాడు. "ఏమో! షెడ్డుకు యజమానురాలవుతుందేమో!"

ఇంతలో కింద రెండో అంతస్తులో, సాయ్‌పింగ్ ఇంట్లో, లింగ్‌యా ముందు ఆ ఊరి అలవాటు ప్రకారం బియ్యపు వైన్ పోసిన వేడి వేడి నూడుల్స్ పెట్టారు. ఆమె ఒక్క పోగు నోట్లోకి లాగింది. సగం లోపల, సగం బయట ఉండగానే నిద్రపోయింది.

"పాపం, పడుకోనీండి. బరువు తగ్గితే లేస్తుంది," అని మామ్మ ఎంతో తెలివిగా పిల్లను తీసి, దాని శాలువాలో వేడినీళ్ళ సంచి చుట్టి తల్లి ఒళ్ళో పెట్టి, పిల్లను పైకి తన ఇంట్లో చాప దగ్గరికి తీసుకుపోయింది.

ఎంతసేపైందో, లింగ్‌యా కళ్ళు తెరవకుండానే పిల్లను జో కొట్టింది. పిల్ల గుడగుడమంది. శాలువా విప్పింది. ఎర్రటి రబ్బరు సంచి, నెత్తిన బిరడా.

"నా పిల్ల!"

ఆ కేక ఐదో అంతస్తు దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే తాంగ్‌తాంగ్ చాప మీద నుంచి ఏదో గుప్పిట్లో బిగించింది. ఏమిటో చూసే తీరిక ఎవరికుంది? "పిల్లనెవరో ఎత్తుకుపోయారట!" అని భవనమంతా మెట్ల మీదికొచ్చింది. గరిటె తెచ్చినావిడ గరిటెతోనే దొంగను కొట్టడానికి బయల్దేరింది. అందరికంటే ముందు మామ్మ, చంకలో పిల్లతో, "ఎవరి పిల్లే? ఎవరి పిల్లే?" అని ఏడుస్తూ పరుగెత్తింది. చెప్పుల్లేకుండా పైకి పోతున్న లింగ్‌యా, కిందికి పోతున్న మామ్మను రెండుసార్లు దాటింది. చివరికి బుద్ధున్న మనిషి తాంగ్‌తాంగ్ ఒక్కతే. అమ్మను చూసి కెవ్వుమంది.

లింగ్‌యా పిల్లను లాక్కుని మెట్ల మీద కూలబడి, దాని వేళ్ళూ చెవులూ తడిమి తడిమి చూసుకుంది. నవ్వడానికి సిద్ధమైనవాళ్ళు కూడా ఆమె చెప్పులు వెతకడానికి పోయారు.

"నేను పోతా అక్కా. బస్సుంది."

"తిని వెళ్ళవే..." అని అలవాటుగా మొదలెట్టిన సాయ్‌పింగ్ నోరు మెయ్‌చిన్ గట్టిగా మూసింది.

"మరి ఈయనేడీ?" అంది లింగ్‌యా.

"ఇంత గోలలో మగాడు నిలబడతాడా? ముందే బస్‌స్టాండుకి పోయుంటాడు. పద పద!" అంటూ మెయ్‌చిన్ ఆమెను ఆటోలోకి తోసింది.

బస్సులో లింగ్‌యా రెప్ప వాల్చలేదు. దారి పొడవునా చూపు పిల్ల మీదే. పక్క సీట్లో ఎవరున్నారో చూసేంత తీరిక ఎక్కడిది?

పల్లెలో అత్తగారు గుమ్మంలోనే పిల్లను అందుకుని ముద్దులాడి, కోడలి వెనక్కి తొంగి చూసింది.

"మరి నా కొడుకేడే?"

లింగ్‌యా కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక రోడ్డు ఉంది. ఫోన్ చేస్తే హైబో ఫోన్ పిల్ల గుడ్డల సంచిలో మోగింది. సాయ్‌పింగ్ ఫోన్ మోగి మోగి ఊరుకుంది. భవనమంతటికీ విందు పెట్టి అలిసిన ఆ ఇల్లు గుర్రుపెట్టి నిద్రపోతోంది. అప్పుడు తాంగ్‌తాంగ్ గుప్పిట విప్పి నానమ్మ చేతిలో తోలు ముక్క కట్టిన తాళంచెవి పెట్టింది.

లింగ్‌యాకు సిగరెట్ గుర్తొచ్చింది. షెడ్డు గుర్తొచ్చింది. ఆ వెనక పరుపుల్లా పేర్చిన తోలు చుట్టలూ గుర్తొచ్చాయి. ఆఖరి బస్సు అప్పటికే తిరిగి వెళ్ళిపోయింది.

కాబట్టి, ఆ వీధిన వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఆ షట్టర్ మీద ఒకసారి తట్టి, మనిషి బాగున్నాడో లేదో కనుక్కోండి. పలక్కపోతే కంగారు పడకండి, ఆయన ఒంటికి ఇది మధ్యాహ్నం కునుకు వేళ. పలికితే మాత్రం, మర్యాదకి కూడా మీ ఇంట్లో తిని వెళ్ళమని అనకండి.