బోడిగుట్ట మీద తలుపు

"ఇకపై పౌరుడు ప్రభుత్వం దగ్గరికి రానక్కర్లేదు. ప్రభుత్వమే పౌరుడి గడప తొక్కుతుంది!"

పోయిన ఏడాది ఇలా ప్రకటించారు. సేవలన్నీ ఆన్‌లైన్‌లోనేనట! కుందుర్పి వైపు ఎండకు మాడే మా ఊళ్లో చప్పట్లు కొట్టనివాడు లేడు. నేనూ కొట్టాను. అయిదో తరగతితో బడి మానినవాణ్ని, అయినా చప్పట్లకు చదువెందుకు?

గడప తొక్కాలంటే అది ఎక్కడుందో ముందు తెలియాలి కదా! అందుకని మా గ్రామ సచివాలయంలో పనిచేసే భరత్‌కుమార్ ట్యాబు పట్టుకుని వచ్చాడు. ఇంటి యజమాని తన తలుపు ముందు నిలబడాలి. తలుపు మీద నెంబరు కనబడాలి. ఫొటో తీస్తే, ఆ చోటేదో యాప్ తనే పసిగట్టి రాసుకుంటుంది. అంతా సులువే. ఊళ్లో సిగ్నలు లేదు, అదొక్కటే కొరత.

సిగ్నలు బోడిగుట్ట మీద ఉంది.

"గుట్ట మింద తలుపు యాడుంటాదన్నా? మూడు దినాల్లో నూటికి నూరు శాతం చెయ్యకుంటే నాకు మెమో ఇస్తారు" అని భరత్‌కుమార్ తల పట్టుకున్నాడు.

"లేకుంటే ఎత్తుకపోదాంలేప్పా, దానికేమి!" అన్నాడు మా పక్కింటి తిప్పేష్. అంటూనే నా మేకలదొడ్డి తలుపు ఊడబీకాడు. పరోపకారి!

నలుగురం మోసుకెళ్లి దాన్ని బండరాయికి ఆనించాం. వెనక గోడ లేదు, పైన కప్పు లేదు. అయినా యాప్ ఒప్పుకుంది. దానికి కావలసింది తలుపు, అది ఉంది! భరత్‌కుమార్ సుద్దముక్కతో నెంబరు రాస్తాడు, ఫొటో తీస్తాడు, తుడిచేస్తాడు, మరో నెంబరు రాస్తాడు. మూడు రోజుల్లో మూడొందల పన్నెండు ఇళ్లు! ఇరవై ఏళ్లుగా ఒకరి గడప ఒకరు తొక్కని పాలివాళ్లు, అదే దాయాదులు కూడా ఆ తలుపు ముందే వరసగా నిలబడి పళ్లికిలించారు. మా వీధి మల్లీశ్వరి అయితే పట్టుచీర కట్టుకొచ్చింది, సర్కారు దగ్గర ఉండిపోయే ఫొటో కదా అని!

ఆ తర్వాత ఊళ్లోనే టవరు లేచింది. ఒకటో తేదీన భరత్‌కుమార్ పింఛను పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మా అమ్మ మారెక్క మంచం మీద ఉంది. ఆమెకు మోకాళ్లు పట్టేసి రెండేళ్లయింది. వానల్లేక చెనక్కాయ పంట ఎండిపోయిన ఇంట్లో ఆమె షుగరు మాత్రలకు ఆ పింఛనే దిక్కు. భరత్‌కుమార్ ట్యాబు ఆమె ముఖం ముందు పెట్టాడు. ఎర్రక్షరాలు వచ్చాయి: "లబ్ధిదారు తన ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఉన్నారు. చెల్లింపు ఇంటివద్ద మాత్రమే."

"ఏమప్పా, యాభై ఏండ్లుగా ఆమె ఈ ఇంట్లోనే ఉండాది!" అన్నాను.

"నాకు తెలుసన్నా. ట్యాబుకు తెలీదు. రెండు నెలలు తీసుకోకుంటే పేరు కొట్టేస్తాది."

తక్కిన ముసలివాళ్లు కర్రలూతగా గుట్టెక్కి తెచ్చుకున్నారు. మా అమ్మకు ఆ నెల పోయింది.

రెండో నెల ఒకటో తేదీకి జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారే కారులో దిగాడు. ఇంటింటి సేవల్లో 'సున్నా తప్పుల గ్రామం'గా మా ఊరు ఎంపికైందట! వీడియో తీస్తారట! నేను చేతులు కట్టుకుని అడిగాను:

"సార్, మా ఇల్లు గుట్ట మింద పడింది. కిందికి దింపండి సార్."

"సరిదిద్దొచ్చు. కానీ సరిదిద్దితే తప్పు జరిగినట్టు రికార్డవుతుంది కదా! అవార్డు పోతుంది. ఊరి పరువు మీకు పట్టదా?"

"మరి మా అమ్మ పింఛను?"

"ఎవరు కాదన్నారు? ఆమెను ఇంటికి తీసుకురండి, ఇచ్చేద్దాం."

అమ్మను వీపున ఎక్కించుకుని ఇంట్లోంచి ఇంటికి బయలుదేరాను. సగం దారిలో నా ఊపిరి, ముప్పాతిక దారిలో నా చెప్పు తెగాయి. వెనక గొడుగు కింద పెద్దసారు, ఆ వెనక కెమెరా. గుట్ట మీదే ఉండిపోయిన తలుపు ముందు అమ్మను దించాను. ట్యాబు పచ్చగా వెలిగింది. అమ్మ చేతిలో నోట్లు పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు లేవలేదు.

పెద్దసారు కెమెరా వైపు తిరిగి నవ్వుతూ అడిగాడు: "అవ్వా! ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తీరింది కదా?"

"తీరింది నాయనా" అంది మా అమ్మ. "మునుపు మీ ఆఫీసుకు ఆటోలో పోతాంటి. ఇప్పుడు మా ఇంటికి వచ్చేదానికే కొడుకు వీపెక్కాల్సొచ్చె. దుడ్లు ఇచ్చినావు, సంతోషం. ఇంగ నన్ను నా మంచం కాడికి దింపేది ఏ ఆన్‌లైనులో ఉండాదో అదీ చెప్పిపో."

పెద్దసారు ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు. కెమెరావాడి చెవి దగ్గరికి వంగాడు.

"మాట తీసేయ్. పాట పెట్టు."