ఇప్పుడు మెల్లగా వదిలేయండి

ఆ రోజు పొద్దున డ్రైవింగ్ మాస్టారి కోరిక చాలా చిన్నది. పెద్ద టీచరమ్మకు ఒక్క పాఠం చెప్పి, కారు మీద గీత పడకుండా ఇంటికి చేరాలి.

నిరుడు ఒక శిష్యుడు కారును లారీ కిందికి దూర్చబోయినప్పటి నుంచి, పక్క సీట్లో కూర్చుంటే చాలు, మాస్టారికి గుండె దడ. కక్కలేక మింగలేక నలిగిపోతుంటే భార్యే కౌన్సెలర్ దగ్గరికి లాక్కెళ్లింది. "ఇది పిరికితనం కాదండీ. మీ మనసింకా ఆ లారీ ముందే నిలబడి ఉంది. మెల్లగా ఇంటికి తెచ్చుకుందాం" అంటూ కౌన్సెలర్ మాస్టారి ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. చేతి గడియారం దడను పసిగడుతుంది. వెంటనే ఫోన్లోని గొంతు చెవిలో ధైర్యం చెబుతుంది. నిజంగానే గుణం కనిపించింది. అయితే డ్రైవింగ్ స్కూలు యజమానికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందేనని మాస్టారి బెంగ.

ఆ రోజు ఇయర్‌ఫోన్ ఇంట్లో మర్చిపోయాడు. ఫోను తనంతట తానే కారు స్పీకర్లతో చెయ్యి కలిపింది.

పెద్ద టీచరమ్మ ఏళ్ల తరబడి బడి నడిపి రిటైరైన మనిషి. చెప్పింది చెప్పినట్టు చేయడం ఆమె మతం. బజారు వీధి మలుపులో ఎదురుగా లారీ కనిపించింది. మాస్టారి గుండె గుభేలుమంది.

"నిండుగా ఊపిరి తీసుకోండి" అంది స్పీకర్లలో గొంతు, వీధంతా వినబడేలా.

టీచరమ్మ తీసుకుంది.

"అలాగే పట్టి ఉంచండి... ఇప్పుడు మెల్లగా వదిలేయండి."

టీచరమ్మ స్టీరింగ్ వదిలేసింది.

"అమ్మా! పట్టుకోండి!" మాస్టారు కేక పెట్టాడు. దడ రెట్టింపైంది.

"మీకేం కాదు. కళ్లు మూసుకోండి" అంది గొంతు మరింత ప్రేమగా.

ఆమె కళ్లు కూడా మూసుకుంది. మాస్టారు తన కాళ్ల దగ్గరున్న బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. లారీ తప్పుకుపోయింది గానీ, కారు వెళ్లి ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ముందున్న బకెట్ల గోపురాన్ని ముద్దాడింది. కొన్ని బకెట్లు పగిలాయి, మిగతావి వీధి పొడవునా దొర్లాయి. జనం మూగారు.

"మీ పరిస్థితి బాగాలేనట్టుంది. మీవాళ్లకు కబురు పంపుతున్నాను" అని ప్రకటించింది ఫోను.

కబురందుకున్న భార్య హడలిపోయి యజమానికి ఫోన్ చేసింది. యజమాని స్కూటరు మీద ఊడిపడ్డాడు. కబురందిన కౌన్సెలర్ కూడా సరిగ్గా అప్పుడే ఫోన్ చేసింది. స్పీకర్లలోంచి ఆవిడ గొంతు: "మాస్టారూ, మళ్లీ దడ వచ్చిందా?"

దాచిన గుట్టు నడివీధిలో రట్టయింది. యజమాని ముఖం కందగడ్డయింది. "ఏమయ్యా! దడ పెట్టుకుని డ్రైవింగ్ నేర్పుతున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

మాస్టారు తల వంచుకున్నాడు. "చెబితే తీసేస్తారని భయమేసిందండీ."

కొట్టువాడు బకెట్ల డబ్బు కట్టమంటూ యజమాని కాలరు పట్టుకున్నాడు. అంతా ఒక్కసారే అరుస్తున్నారు. కౌన్సెలర్ ఒక్క మాట గట్టిగా అంది: "అక్కడున్నవాళ్లందరూ! ముందు ఒక్కసారి ఊపిరి పీల్చుకోండి."

ఎందుకో గానీ అందరూ పీల్చుకున్నారు. "ఇప్పుడు మెల్లగా వదిలేయండి" అనగానే, కొట్టువాడు యజమాని చొక్కా కాలరు వదిలేశాడు.

టీచరమ్మ కారు దిగింది. "ఏవండీ యజమానిగారూ, ఇంతకుముందు ఇద్దరు మాస్టార్లు నామీద అరిచి వెళ్లిపోయారు. భయమంటే ఏమిటో తెలిసిన మనిషి ఈయనొక్కడే. నేర్చుకుంటే ఈయన దగ్గరే నేర్చుకుంటాను. కాకపోతే ఎవరి ఊపిరో ముందే చెప్పమనండి."

యజమాని ఆమెకు తలూపాడు. తర్వాత మాస్టారిని పక్కకు తీసుకెళ్లాడు. ఇక సాగనంపుతాడనే అనుకున్నాడు మాస్టారు. యజమాని గొంతు తగ్గించాడు.

"లిఫ్టులో తలుపు మూసుకుంటే నాకు చెమటలు పోస్తాయయ్యా. ఆఫీసుకు మెట్లెక్కే వెళ్తున్నా. ఆరోగ్యం కోసమని అందరికీ చెప్పుకుంటున్నా. ఆ యాప్ నా ఫోన్లోనూ వెయ్యి."

మాస్టారు అక్కడే వేసిచ్చాడు. ఎన్నాళ్లకో గుండె మీంచి బండ దిగినట్టయింది. యజమానికి అంతకంటే ఉత్సాహం వచ్చింది. "మీరిద్దరూ అలిసిపోయారు, పక్కన నిలబడండి" అంటూ కారును వెనక్కి తీయడానికి తానే ఎక్కాడు.

కారు వెనక్కి కదలడం చూసి మాస్టారికి దడ మొదలైంది, "ఇప్పుడు మెల్లగా వదిలేయండి" అంది స్పీకర్లలో గొంతు. మిగిలిన బకెట్లు అప్పుడు పగిలాయి.